దోసిలి పట్టడం

మొన్న వైశాఖంలో, విశాఖలో మా వీధి చివర చలివేంద్రం పెట్టారు. రెండు కుండలు, వాటికి చుట్టిన ఎర్రగుడ్డ, వెనకాల ఫ్లెక్సీ. ఫ్లెక్సీలో పెట్టినవాళ్ళ మొహాలు కుండలకంటే పెద్దవి. పాల ప్యాకెట్ తెచ్చుకుంటున్నాను, దాహం కూడా లేదు, దాటి వెళ్ళిపోయేవాణ్ణే. ఇంతలో గాలి ఇటు తిరిగింది. కొత్త కుండ నీళ్ళు పీల్చుకున్న వాసన. తొలకరికి వచ్చే మట్టివాసన వేరు, దాన్ని అందరూ మెచ్చుకుంటారు. ఇది కాలిన మట్టి లోపల్నుంచి మెల్లగా ఊరే వాసన. అందులో వట్టివేళ్ళు కూడా వేసినట్టున్నారు. కాళ్ళు ఆగిపోయాయి.

కుండల పక్కన స్టూలు మీద ఒక కుర్రాడు ఫోన్ చూసుకుంటున్నాడు. నేను వంగి దోసిలి పట్టాను. వాడు వింతగా చూసి, "గ్లాసుంది కదంకుల్" అన్నాడు.

"పర్లేదు, పొయ్యి బాబూ. నాకిలాగే అలవాటు."

అబద్ధం. నాకు దోసిలి పట్టడం యాభై దాటాక గానీ రాలేదు. అంతకుముందు నాకు తెలిసింది పొయ్యడమే.

*

మా మామ్మ ఇల్లు శ్రీకాకుళంలో, ఊరు దాటి అరసవల్లి వెళ్ళే రోడ్డు పక్కన. విజయనగరం ఇంకా వేరే జిల్లాగా విడిపోని రోజులు. ఇప్పుడు ఆ రోడ్డు మీద ఇంటికీ ఇంటికీ మధ్య వేలు దూరే సందు లేదు గానీ, అప్పట్లో మామ్మ పెంకుటిల్లు దాటితే పొలాలే. వేసవి సెలవులివ్వగానే మా నాన్న నన్నూ అక్కనీ అక్కడ దింపేసి వెళ్ళిపోయేవాడు.

నాకు మెలకువ గిలక చప్పుడుతో వచ్చేది. కీచుమంటూ తాడు దిగడం, చేద నీళ్ళలో పడ్డ చప్పుడు, మళ్ళీ కీచుమంటూ పైకి రావడం. చీకటుండగానే మామ్మ నూతి దగ్గర ఉండేది. ముప్పై బిందెలు తోడితే గానీ పందిట్లో కుండలు నిండవు. తాటాకు పందిరి కింద నాగావళి ఇసుక దిబ్బలా పోయించి, అందులో మూడు పెద్ద కుండలు సగందాకా దిగేసేది. ఇసుక మీద గుప్పెడు వడ్లు చల్లేది. కుండల నుంచి ఊరే తడికి అవి మొలకెత్తి, వారం తిరిగేసరికి కుండల చుట్టూ చిన్న నారుమడి తయారయ్యేది. నాలుగో కుండ చిన్నది, మజ్జిగది. మజ్జిగ అని పేరే గానీ అందులో మూడొంతులు నీళ్ళే. ఇంత ఉప్పు, చేత్తో నలిపిన దబ్బాకు. ఆ వాసనకే సగం దాహం తీరేది.

తరవాణి అన్నం తినేసి పందిట్లో కూర్చోవడం నా ఉద్యోగం. జీతం రోజుకి ఐదు పైసలు. అక్కకి జీతం లేదు, దాని పని కుండల మీద తడిగుడ్డలు మార్చడం. ఈ అన్యాయం గురించి అక్క ఇప్పటికీ ఫోన్‌లో గుర్తుచేస్తుంది.

*

చలివేంద్రం ఎందుకు మొదలుపెట్టిందో మామ్మ మాకెప్పుడూ చెప్పలేదు. మా అత్త చెప్పింది.

తాతకి కడుపులో ఆపరేషన్ చేశారు. ఆ రాత్రంతా ఆయన నీళ్ళు, నీళ్ళు అంటూనే ఉన్నాడట. చుక్క కూడా పొయ్యకూడదన్నారు అక్కడివాళ్ళు. మామ్మ వాళ్ళ మాట విని చెంబు మంచానికి దూరంగా పెట్టి, తడిగుడ్డతో పెదాలు అద్దుతూ కూర్చుంది. తెల్లారకుండానే ఆయన పోయాడు. వైద్యం ప్రకారం వాళ్ళు చెప్పింది సరైనదే అయుంటుంది, ఇప్పటికీ ఆపరేషన్ అయ్యాక వెంటనే నీళ్ళివ్వరు. కానీ చెంబు దూరంగా పెట్టింది మామ్మ చెయ్యి.

అప్పట్నుంచి ఆవిడకి నిద్ర లేదు. పడుకునేముందు మా తలల దగ్గర తలా ఒక చెంబు నీళ్ళు పెట్టేది. అర్ధరాత్రి గాజుల చప్పుడైతే మామ్మ లేచిందని తెలిసేది. వచ్చి చెంబుల్లో చెయ్యి పెట్టి చూసేది, నీళ్ళున్నాయో లేదో. ఒక్కోసారి నన్ను లేపి మరీ "దాహమేస్తందేట్రా?" అని అడిగేది. లేపినందుకే వేసేది.

పెద్దకర్మనాడు ఎవరో పెద్దాయన అన్నాడట, దాహంతో పోయిన ప్రాణం కదా, లక్ష మంది దాహం తీరిస్తే ఆయన దాహం తీరుతుందని. లక్షవత్తుల నోము, లక్షపత్రి పూజ అన్నీ లక్షలోనే కదా ఉంటాయి. మామ్మ ఆ అంకె పట్టుకుంది. అంకె పట్టుకుందే గానీ ఆవిడకి వంద దాటి లెక్క రాదు. అందుకు నేను.

కొత్త చింతపండు వచ్చే కాలమే కాబట్టి పిక్కలకి కొదవ లేదు. ఒకరు నీళ్ళు తాగితే డాల్డా డబ్బాలో ఒక పిక్క. మొదటి పిక్క ఖాళీ డబ్బాలో టంగుమనేది. తర్వాత తర్వాత చప్పుడు మందగించి, మధ్యాహ్నానికి పిక్క మీద పిక్క పడి టుక్కుమనేది. చప్పుడుని బట్టే ఎంతమంది అయ్యారో చెప్పగలిగేవాణ్ణి. డబ్బా నిండితే వెయ్యి. గోడ మీద బొగ్గుతో ఒక గీత. నాలుగో క్లాసు లెక్కలు వచ్చినవాణ్ణి కాబట్టి నేనే తేల్చాను: రోజుకి రెండొందల మంది, అరవై రోజులు, వేసవికి పన్నెండు వేలు. ఎనిమిది వేసవులు చాలవు, తొమ్మిదోదాంట్లో తాత దాహం తీరుతుంది. మామ్మకి చెబితే వేళ్ళు మడిచి చూసుకుని, "అంతవరకూ ఉంటానేటి నాను?" అంది.

సాయంత్రాలు పక్కింటాయన వైశాఖ పురాణం చదివేవాడు. అందులో ఒక రాజు గోవులు, భూములు, బంగారం అన్నీ దానం చేసి, నీళ్ళు మాత్రం ఇవ్వడు. నీళ్ళెవరికైనా ఊరికే దొరుకుతాయి కదా, అందులో గొప్పేముంది అనుకుంటాడు. ఆ పాపానికి చాతకపక్షిగా, గద్దగా, కుక్కగా పుట్టి పుట్టి, చివరికి మిథిల రాజుగారింటి గోడ మీద బల్లి అవుతాడు. ఎవరో మహానుభావుడి కాళ్ళు కడిగిన నీళ్ళు మీద పడితే అప్పుడు విముక్తి. ఆ కథ విన్నాక కొన్నాళ్ళు నేను కనబడ్డ బల్లి మీదల్లా నీళ్ళు చిమ్మేవాణ్ణి. ఒక్క రాజూ బయటికి రాలేదు. గోడలు పాడు చేస్తున్నానని మామ్మ చేతిలో వీపు పగిలింది.

*

అరసవల్లి రోడ్డు మీద నడిచేవాళ్ళు మామూలు బాటసారులు కారు. ఆ ఆలయంలో ఉన్నది సూర్యనారాయణస్వామి, ఆరోగ్యం ఆయన చేతిలో మాట. కళ్ళు కనబడనివాళ్ళు, ఒళ్ళంతా పొక్కులు లేచినవాళ్ళు, బొల్లి వచ్చి పెళ్ళి ఆగిపోయిన ఆడపిల్లలు, వాళ్ళ వెనకాల తలొంచుకుని నడిచే తండ్రులు. ఆదివారం ఆయన వారం కాబట్టి ఆ రోజు తిరనాళ్ళే. రైలు స్టేషన్ పేరు శ్రీకాకుళం రోడ్డు, ఉన్నదేమో ఆమదాలవలసలో. తెలియక అక్కడ దిగి, ఊరెక్కడరా బాబూ అని బిక్కమొహం వేసినవాళ్ళు ఎంతమందో. ఒరిస్సా నుంచి వచ్చేవాళ్ళూ ఎక్కువే. వాళ్ళ కోసం మామ్మ ఒక్క మాట నేర్చుకుంది. "పాణీ, పాణీ" అని పిలిచేది. వాళ్ళు సంతోషించి ఒరియాలో గడగడా మాట్లాడేసేవారు. మామ్మ అన్నిటికీ తలూపేది.

రథసప్తమి చలికాలంలో వస్తుంది. అప్పుడు చలివేంద్రం ఉండదు గానీ సంక్రాంతికి వెళ్ళి ఉండిపోయిన ఒక ఏడాది చూశాను. రాత్రంతా రోడ్డు నిద్రపోలేదు. కంబళ్ళు కప్పుకున్న జనం, చంకల్లో పిల్లలు, చేతుల్లో టార్చిలైట్లు. అర్ధరాత్రి దాటాక స్వామికి పాలాభిషేకం మొదలవుతుంది, దానికోసం ఆ నడక. తెల్లారేసరికి ఎక్కడ చూసినా పిడకల పొగ, మూడు రాళ్ళ పొయ్యిల మీద పొంగుతున్న పాలు. మామ్మ మా నెత్తిన జిల్లేడాకులు, రేగిపళ్ళు పెట్టి నూతి నీళ్ళు గుమ్మరించింది. గోరువెచ్చగా ఉంటాయంది, ఉన్నాయి. ఒడ్డున నిలబడి తడిబట్టలతో వణికింది మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

అక్కడి గర్భగుడిలో మార్చిలో ఒకసారి, అక్టోబరులో ఒకసారి పొద్దుటి ఎండ నేరుగా స్వామి పాదాల మీద పడుతుంది. ఆ కాసేపటి కోసం ఎక్కడెక్కడినుంచో వస్తారు. మామ్మ అంత దగ్గర్లో ఉండి కూడా ఒక్కసారే చూసిందట. "మబ్బేసినాది" అని మాత్రం చెప్పింది.

*

ఇక్కడ ఒక సంగతి దాటెయ్యాలనిపిస్తోంది గానీ దాటెయ్యను.

పందిట్లో నీళ్ళు పొయ్యడానికి రెండు సాధనాలుండేవి. ఒకటి ఇత్తడి చెంబు. రెండోది పొడవాటి వెదురుబద్దకి కట్టిన కొబ్బరిచిప్ప. కొందరికి చెంబు చేతికే ఇచ్చేవాళ్ళం. కొందరు వంగి దోసిలి పడితే చిప్పతో పైనుంచి పోసేవాళ్ళం. ఎవరికి ఏదో నాకెవరూ చెప్పలేదు, చూసి పట్టేశాను. నడక, బట్ట, నిలబడే దూరం. కొందరు వాళ్ళంతట వాళ్ళే దూరంగా ఆగి వంగిపోయేవారు. మా వయసు పిల్లలు కూడా. పిక్క మాత్రం అందరికీ ఒకటే పడేది. ఆ ఒక్క విషయంలో మా లెక్క ధర్మంగానే ఉండేదని అప్పట్లో నాకు గర్వం.

ఆదివారాలు ఒకాయన వచ్చేవాడు. పెద్దరోగం. మా వైపు కుష్ఠుని అలాగే అనేవారు. గుడి దారిలో కూర్చుని అడుక్కుని, ఎండ ముదిరాక మా పందిరి ఎదురుగా చింతచెట్టు కింద ఆగేవాడు. తన రేకు డబ్బా తను తెచ్చుకుని నేల మీద పెట్టి, పది అడుగులు వెనక్కి వెళ్ళేవాడు. నేను చిప్పతో డబ్బా నింపి వెనక్కి వచ్చేవాణ్ణి. అప్పుడాయన వచ్చి తీసుకునేవాడు. ఏదో ఆటలా ఉండేది. మనిషి సరదాగానే మాట్లాడేవాడు. "ఏటి గుమస్తాగారూ, నా పిక్క ఏసినావా?" అనేవాడు.

ఒక ఆదివారం డబ్బా లేదు. ఎవరో కుర్రాళ్ళు తన్నేస్తే కాలవలో పడి కొట్టుకుపోయిందట. మిట్టమధ్యాహ్నం. నేను చిప్ప ముంచి పట్టుకున్నాను. ఆయన వంగాడు. రెండు చేతులూ దగ్గరికి తెచ్చాడు.

దోసిలి పట్టాలంటే వేళ్ళు కావాలి కదా. ఒక చేతికి బొటనవేలూ, దాని పక్కన మొండి. రెండో చేతి వేళ్ళు లోపలికి ముడుచుకుపోయి తెరుచుకోవడం లేదు. పోసిన నీళ్ళు పోసినట్టు ఇసుకలో పడ్డాయి. మళ్ళీ పోశాను. ఆయన మణికట్లు దగ్గరికి నొక్కి, మోచేతులు కలిపి, ఎలా పట్టినా ఆగలేదు. మూడోసారికి నాకు నవ్వొచ్చింది. తొమ్మిదేళ్ళవాణ్ణి, నవ్వొచ్చిందని రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది.

మామ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది. చెంబు ఆవిడ చేతిలోనే ఉంది, ఇత్తడిది. ఒక అడుగు వేసింది కూడా. అరుగు మీద మా చుట్టాలు ఇద్దరున్నారు. "ఆ చెంబుతో మళ్ళీ మేం తాగాలా?" అన్నారు ఎవరో. మామ్మ ఆగిపోయింది.

ఆయన అటూ ఇటూ చూశాడు. తడిసిన చేతులు మొహానికి రుద్దుకుని, "సాలమ్మా, సల్లబడినాను" అని వెళ్ళిపోయాడు.

నేను డబ్బాలో పిక్క వెయ్యాలా వద్దా అని అడిగాను. మామ్మ జవాబు చెప్పలేదు.

*

ఆ రాత్రి ఆవిడ అన్నం తినలేదు. గాజుల చప్పుడు తెల్లవార్లూ వినబడింది. పొద్దున నూతి దగ్గర అత్తతో అంటుంటే విన్నాను. "ఆయన అడిగినట్టే అడిగినాడే. ఆయన అడిగినట్టే. సెంబు నా సేతిలోనే ఉంది."

మర్నాడు దేవుడి అలమర మీద నుంచి తాత కంచుగ్లాసు దించింది. తాత పోయాక దాన్ని ఎవరూ ముట్టుకోవడానికి వీల్లేదు. చింతపండూ ముగ్గూ వేసి, అద్దంలా మెరిసేదాకా తోమి, మజ్జిగకుండ పక్కన బోర్లించింది. ఎవరికి అని మేం అడగలేదు.

ఆదివారం వచ్చింది, ఆయన రాలేదు. తర్వాతి ఆదివారమూ రాలేదు. మామ్మ గుడిదాకా వెళ్ళి వెతికింది. ఆ మెట్ల దగ్గర కూర్చునేవాళ్ళని అడిగితే, ఒకరు శ్రీకూర్మం వైపు వెళ్ళాడన్నారు, ఒకరు ఇంకేదో చెప్పారు. వైశాఖం అయిపోయింది. జ్యేష్ఠం అయిపోతోంది. తొలకరి పడింది. పందిరి విప్పేశాం, తాటాకులు పొయ్యిలోకి వెళ్ళాయి, కుండలు వెనకదొడ్లో బోర్లించాం. మా నాన్న మమ్మల్ని తీసుకెళ్ళడానికి వచ్చాడు.

ఆ రోజు పొద్దుట్నుంచీ ఒకటే వాన. రోడ్డు మీద పిట్ట లేదు. అక్క కిటికీలోంచి చూసి "మామ్మా, ఆయన" అంది. తల మీద గోనెసంచి మడిచి కప్పుకుని, మా ఇంటి వైపు చూడకుండానే వెళ్ళిపోతున్నాడు.

మామ్మ ఏమీ కప్పుకోకుండా పరిగెత్తింది. ఒక చేతిలో చెంబు, ఒక చేతిలో కంచుగ్లాసు. "ఓ బాబూ! ఆగు, ఆగు! నీళ్ళు తాగు!" అని అరుస్తూ. జడివానలో, నిలువునా తడిసిన మనిషికి, నీళ్ళు తాగమని. ఆయన కూడా ఆశ్చర్యపోయి ఆగాడు. మామ్మ గ్లాసు నింపి ఆయన అరచేతుల మధ్య నిలబెట్టింది. వేళ్ళు పట్టవు కాబట్టి తన చేతులు వదల్లేదు. ఆయన తాగాడు. వాన నీళ్ళూ గ్లాసులో పడుతూనే ఉన్నాయి. ఇంకా పొయ్యనా అన్నట్టుంది, ఆయన తలూపాడు. రెండో గ్లాసూ తాగాడు. ఏం మాట్లాడుకున్నారో వాన చప్పుడులో మాకు వినబడలేదు. ఒకసారి ఆయన నవ్వడం మాత్రం కనబడింది.

లోపలికి వచ్చాక గ్లాసు కడిగి, మా గ్లాసుల వరసలోనే పెట్టింది. అలమరలో కాదు. మా నాన్న అది చూశాడు, ఏమీ అనలేదు. ఆ వానకి మా ప్రయాణం ఆగిపోయింది. ఆ రాత్రి మామ్మ గురకపెట్టి నిద్రపోయింది. మా తలల దగ్గర చెంబులు పెట్టడం కూడా మర్చిపోయింది. అర్ధరాత్రి నాకు నిజంగానే దాహమేసి లేచి, చీకట్లో తడుముకుంటూ వెళ్ళి తాగొచ్చాను.

పుణ్యం వచ్చిందా అంటే నాకు తెలీదు. గురక తెలుసు.

*

తర్వాతి వేసవికి వెళ్ళేసరికి గోడకి సున్నం వేసేశారు. బొగ్గుగీతలు లేవు. డాల్డా డబ్బాలో ఉప్పు పోసుకుంది. పిక్కలు అక్కకిచ్చేసింది, అది వాటితో వామనగుంటలు ఆడేది. పట్టిన నోము మధ్యలో వదిలితే దోషం అని పురాణం చదివే ఆయన మందలిస్తే, "నాకే తగల్నీ బాబూ, ఆయనకి తగల్దు గదా" అందట. కొబ్బరిచిప్ప ఏమైందో నాకు తెలీదు. పందిట్లో చెంబు ఒక్కటే ఉంది. కొందరు చుట్టాలు మా ఇంట్లో నీళ్ళు తాగడం మానేశారు, అదీ నిజమే.

కుష్ఠు నివారణ పని మీద సైకిలేసుకుని ఊళ్ళు తిరిగే ఉద్యోగి ఒకాయన ఆ వేసవిలో నీళ్ళకి ఆగితే, నాకున్న భయాలన్నీ ఆయన ముందు పెట్టాను. ఆ రోగంలో వేళ్ళు వాటంతటవి ఊడిపోవని ఆయనే చెప్పాడు. నరాలు చచ్చిపోయి స్పర్శ పోతుంది. కాలినా కోసుకున్నా తెలియదు, పుండు మీద పుండై వేళ్ళు అరిగిపోతాయి. ఒకరు తాగిన గ్లాసుతో తాగితే అంటుకునే జబ్బు కాదన్నాడు. మామ్మ అంతా విని, "ఈ మాట ముందుగా సెప్తే కాదేటి" అంది. రెండు మూడు మందులు కలిపి ఇచ్చే వైద్యం మన దేశంలో 1980లలో వచ్చింది. నెలల్లో నయమైపోయేవాళ్ళని నేను ఉద్యోగంలో చేరాక చూశాను. ఆయన ఆ మందులదాకా ఉన్నాడో లేదో.

మామ్మ ఒక కార్తీకంలో పోయింది. చివరి గంటలో నీళ్ళు అడిగింది, పోశాం. సినిమాల్లోలా, ఆవిడ చేతి నీళ్ళు తాగినవాళ్ళంతా బారులు తీరి రావడం లాంటిదేం జరగలేదు. ఇరుగుపొరుగు వచ్చారు, అంతే. ఇల్లు అమ్మేశాం. ఇప్పుడక్కడ మందుల షాపుంది.

*

2018లో తిత్లీ తుపాను వచ్చింది. దసరా నవరాత్రులు మొదలైన మర్నాడు, అక్టోబరు 11 తెల్లవారుజామున, పలాస దగ్గర తీరం దాటింది. గాలి గంటకి నూట నలభై, నూట యాభై కిలోమీటర్ల వేగంతో కొట్టింది. నేనప్పుడు విశాఖలో బ్యాంకులో ఉన్నాను. ఆఫీసులో అందరం తలా కొంత వేసుకుని బియ్యం, కొవ్వొత్తులు, టార్పాలిన్లు, నీళ్ళ ప్యాకెట్లు కొని, నాలుగో రోజున వ్యాను మాట్లాడుకుని బయల్దేరాం. నేను పెద్దవాణ్ణి కాబట్టి లెక్క నాది. నోట్‌బుక్కులో గడులు గీసుకున్నాను. పేరు, ఏమేం ఇచ్చాం, సంతకం. తర్వాత ఫొటో, అది వాట్సాప్ గ్రూపులో పెట్టాలి.

కవిటి వైపు వెళ్ళేసరికి వ్యానులో మాటలు ఆగిపోయాయి. ఉద్దానం అంటే కొబ్బరి, జీడి, పనస. అలాంటిది దారి పొడుగునా కొబ్బరిచెట్లు ఒకే వైపుకి ఒరిగి పడి ఉన్నాయి, ఎవరో దువ్వెనతో దువ్వినట్టు. నిలబడ్డవాటికి తలల్లేవు. కరెంటు స్తంభాలు రోడ్డుకి అడ్డంగా ఉన్నాయి. కరెంటు లేకపోతే మోటార్లు లేవు, మోటార్లు లేకపోతే నీళ్ళు లేవు. కొబ్బరి మొక్క నాటితే కాపుకి ఆరేడేళ్ళు. అరవై దాటిన రైతు ఆ చెట్టు పక్కన కూర్చుని ఏ లెక్క వేసుకుంటాడో మేం అడగలేదు.

ఒక ఊళ్ళో చివరి ఇల్లు. కప్పు ఎగిరిపోయింది, గోడలున్నాయి. ఒక ముసలావిడ కూలిన పనసమాను మీద కూర్చుని ఉంది. ఆమె వాటా ఇచ్చి నోట్‌బుక్కు చాపాను.

"సంతకం రాదు బాబూ. ఏలిముద్ర ఎయ్యాలేటి?"

"అక్కర్లేదమ్మా. ఒక్క ఫొటో."

ఆవిడ కొంగు సర్దుకుని, బియ్యం సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఫోన్ వైపు చూసి అడిగింది, "నవ్వమంటారేటి?"

వెటకారం కాదు. ఏది పద్ధతో అది చేద్దామని అడిగింది. నాకు చేతులు చల్లబడ్డాయి. ఫోన్ జేబులో పెట్టేశాను. మావాళ్ళు అప్పటికే వ్యాను దగ్గరికి వెళ్ళిపోయారు.

"పొద్దుట్నుంచీ ఎండన పడి తిరుగుతన్నారు. నీళ్ళు తాగండి" అని లేచింది. గోడ వారగా మూత పెట్టిన బిందె ఉంది. మా నీళ్ళ ప్యాకెట్లు ముందు ఊళ్ళోనే అయిపోయాయి. నాకు నిజంగానే నాలుక పిడచకట్టుకుపోయింది. అయినా వెనకాడాను. ఉద్దానం అనగానే కిడ్నీ జబ్బు. ఇంటికొకరు, ఇద్దరు మంచాన పడ్డ ఊళ్ళున్నాయి. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు, నీళ్ళనే అనుమానం మాత్రం అందరి నోటా ఉంది. ఆ ఒక్క క్షణం నా మొహంలో ఏం కనబడిందో ఆవిడకి కనబడిపోయింది.

"బయపడకండి బాబూ. మా ఊరి నీళ్ళు కాదు. నిన్న టాంకర్లో తెచ్చి పోసినారు. మీలాటోళ్ళే ఎవులో."

ఎక్కడినుంచో ఎవరో తెచ్చి ఆవిడకిచ్చిన నీళ్ళు. ఉన్నది ఆ ఒక్క బిందె. చెంబు ముంచింది.

"గలాసులన్నీ ఎగిరిపోనాయి. దోసిలి పట్టండి."

నేను వంగాను. చేతులు చాపాను. ఆవిడ పోసింది. సగం నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి జారి, మోచేతుల మీదుగా చొక్కాలోకి పోయాయి. గుటక కూడా పడలేదు. వేలమందికి పోసినవాణ్ణి, గోడ మీద గీతలు గీసినవాణ్ణి, ఒక్కసారి కూడా చెయ్యి చాచి తాగలేదని నాకప్పుడు తెలిసింది. "మళ్ళీ పట్టండి" అంది. మళ్ళీ కారిపోయాయి. ఆ కొద్ది నీళ్ళూ నేల పాలవుతున్నాయని నాకు కంగారు. ఇక చాలమ్మా అనబోయాను.

ఆవిడకి నవ్వొచ్చింది. చెంబు పనసమాను మీద పెట్టి నా దగ్గరికి వచ్చింది.

"అలగ కాదు నాయినా" అని, తడి చేతులతో నా రెండు చిటికెన వేళ్ళూ పట్టుకుని, ఒకదానికొకటి ఆనించి గట్టిగా నొక్కింది.

"ఇప్పుడు కారవు."